ఓడిపోయే బేస్‌బాల్ జట్టుని సెప్టెంబర్ దాకా ఫాలో అవ్వడం ఎలా

అమెరికాలో ఉన్న మేనల్లుడో అల్లుడో వాళ్ల ఊరి బేస్‌బాల్ జట్టుని మీకూ అంటించాడనుకుందాం. ఆ జట్టు గెలిచేదైతే ఇది చదవక్కర్లేదు, హాయిగా చూసుకోండి. మా అక్క కొడుకు షికాగోలో ఉంటూ నాకు వైట్ సాక్స్‌ని అంటించాడు. 2024లో ఆ జట్టు 162 మ్యాచ్‌లు ఆడి 41 గెలిచింది, 121 ఓడింది. 1900 తర్వాత మేజర్ లీగ్‌లో, అంటే అక్కడి అగ్రశ్రేణి బేస్‌బాల్ పోటీలో, ఒక్క సీజన్‌లో ఇన్ని ఓడిన జట్టు ఇంకోటి లేదు. కాబట్టి ఈ సబ్జెక్టులో నాకు కాస్త అర్హత ఉన్నట్టే.

ముందు టైము సంగతి. మాది పర్లాకిమిడిలో టిఫిన్ హోటల్. షికాగోలో రాత్రి 7:10కి మొదలయ్యే మ్యాచ్ మనకి తెల్లవారి 5:40. అదే డెట్రాయిట్‌లో 6:40 అయితే మనకి 4:10, పడమటి తీరంలో 6:40 అయితే ఉదయం 7:10. పొద్దున్నే లేచే పని ఉన్నవాళ్లకి 5:40 మ్యాచ్ దొరికిన బంగారం. మొదటి వాయి ఇడ్లీ దింపేలోపు ఒక ఇన్నింగ్స్ అయిపోతుంది (క్రికెట్‌లా కాదు, ఇక్కడ మ్యాచ్‌కి తొమ్మిది). 7:10 మ్యాచ్ మాత్రం నాకు కుదరదు, అప్పటికి బెంచీలన్నీ నిండుతాయి. ఆదివారం వాళ్లకి మధ్యాహ్నం ఒంటిగంట దాటాక మొదలయ్యేది మనకి అదే రోజు రాత్రి 11:40 అవుతుంది. దాని జోలికి పోకండి. ఓడే జట్టు కోసం నిద్ర పాడుచేసుకోవడం దండగ.

వీడియోకి డబ్బు కూడా కట్టకండి. మేజర్ లీగ్ వాళ్ల ఎంఎల్‌బీ యాప్‌లో గేమ్‌డే అని ఉంటుంది, ఉచితం. బంతి బంతికీ ఒక చుక్క పడుతుంది: స్ట్రైక్ (బ్యాటర్ సరిగ్గా కొట్టలేకపోయిన, లేదా కొట్టాల్సింది వదిలేసిన బంతి) అయితే ఎరుపు, బాల్ (పక్కకి పోయిందని అతను వదిలేసిన బంతి) అయితే ఆకుపచ్చ, బ్యాటుకి తగిలి ఫీల్డులోకి వెళ్తే నీలం. నేను ఫోన్‌ని శనగపప్పు డబ్బాకి ఆనించి పెట్టి, చట్నీకి కొబ్బరి తురుముతూ ఓ కన్ను అటు వేస్తాను. మన పిచర్ వేస్తుంటే వరసగా నాలుగు ఆకుపచ్చ చుక్కలు పడ్డాయంటే అవతలి బ్యాటర్ నడుచుకుంటూ ఫస్ట్ బేస్‌కి పోయినట్టు. ఆ తర్వాత నీలం చుక్క పడి స్కోరులో అంకె మారితే ఏం జరిగిందో చెప్పనక్కర్లేదు. చెత్త ఆటని చుక్కల్లో చూడటమే మేలు. చేతిలోంచి జారిన బంతిని స్లో మోషన్‌లో మూడుసార్లు చూసే బాధ తప్పుతుంది.

ఇక అసలు విషయం. క్రికెట్ బుర్రతో చూస్తే మే నెలలోనే వదిలేస్తారు. ఐపీఎల్‌లో లీగ్ దశ మొత్తం జట్టుకి 14 మ్యాచ్‌లు, అందులో ఒక ఓటమి అంటేనే గుండె దడ. ఇక్కడ 162. ప్రతి జట్టూ 54 గెలుస్తుంది, 54 ఓడుతుంది, మిగతా 54 తోనే తేడా అని అక్కడో నానుడి ఉంది. మావాళ్లు దాన్ని కూడా అబద్ధం చేశారనుకోండి, కానీ అందులో పనికొచ్చే మాట ఉంది: లెక్కని చిన్నది చేసుకోవాలి. 2024లో సాక్స్ మొదటి 25 మ్యాచ్‌ల్లో 3 గెలిచారు. ఆ రోజు నుంచి పాయింట్ల పట్టిక చూడటం మానెయ్యాలి. మ్యాచ్‌లు ఎక్కువగా మూడేసి చొప్పున సిరీస్‌లుగా జరుగుతాయి. మూడింట్లో ఒకటి వస్తే ఆ వారం బాగున్నట్టే.

ఇంకా చిన్నది చేయాలంటే ఒక పిచర్‌ని పట్టుకోండి. మ్యాచ్ మొదలుపెట్టే పిచర్లు ఐదుగురు వంతులవారీగా వస్తారు, అంటే మీవాడు దాదాపు ఐదు మ్యాచ్‌లకోసారి కనిపిస్తాడు. మిగతా రోజులు పొద్దున్న మీ పని మీరు చూసుకోవచ్చు. నేను గారెట్ క్రోషేని పట్టుకున్నాను. ఆ ఏడాది 146 ఇన్నింగ్స్‌లో 209 మందిని స్ట్రైకౌట్ చేశాడు, అంటే మూడేసి స్ట్రైకులతో అవుట్ చేశాడు. మేటి ఆటగాళ్లని ఏరి ఆడించే ఆల్‌స్టార్ మ్యాచ్‌కి కూడా వెళ్లాడు. అయినా అతని ఖాతాలో 6 గెలుపులు, 12 ఓటములు. పిచర్ గెలుపోటముల లెక్కని నమ్మకండి. బ్యాటర్లు పరుగులు చేయకపోతే ఆ పాపం కూడా పిచర్ నెత్తినే రాస్తారు. అతను ఎన్ని ఇన్నింగ్స్ వేశాడు, ఎంతమందిని స్ట్రైకౌట్ చేశాడు, ఎంతమందిని ఊరికే నడిపించాడు అన్నవి చూడండి.

లెక్కలంటే ఇష్టమున్నవాళ్లకి ఒకటి చెప్తాను, బిల్లు పుస్తకం వెనక వేసుకోవచ్చు. జట్టు చేసిన పరుగుల వర్గాన్ని, చేసినవి, ఇచ్చినవి రెండింటి వర్గాల మొత్తంతో భాగిస్తే, ఆ జట్టు ఎన్నోవంతు మ్యాచ్‌లు గెలవాల్సిందో సుమారుగా వస్తుంది. 2024 సాక్స్ 507 పరుగులు చేసి 813 ఇచ్చారు. లెక్క 0.28 దగ్గర తేలుతుంది, అంటే 45 గెలుపులు. వచ్చినవి 41. ఆ నాలుగూ దురదృష్టం, మిగతాదంతా చేతకానితనం. ఇది తెలిస్తే ‘మా టైమ్ బాగోలేదు’ అని సర్దిచెప్పుకునే పని ఉండదు.

వరస ఓటములు మొదలైతే నోరు కట్టేసుకోవాలి. ఆ జూలై, ఆగస్టుల్లో వరసగా 21 ఓడారు. 1988లో బాల్టిమోర్ నెలకొల్పిన అమెరికన్ లీగ్ (మేజర్ లీగ్‌లో ఉన్న రెండు భాగాల్లో ఒకటి) రికార్డుతో సమానం. రోజూ వచ్చే ఒకాయన పాతపట్నం నుంచి బండి మీద దిగుతూనే ‘ఏటి బావూ, ఇయాలైనా నెగ్గారా?’ అనేవాడు. ‘పూరీయా, బరాయా?’ అని ఎదురడగడమే నా జవాబు. ఆగస్టు 6న ఓక్లండ్‌లో 5-1తో గెలిచినప్పుడు మాత్రం ఆయన అడక్కముందే చెప్పాను. రెండు రోజులకి మేనేజర్ పెడ్రో గ్రిఫోల్‌ని తీసేశారు. దాని మీద ఆశ పెట్టుకోకండి. అతని కింద 28 గెలిచి 89 ఓడారు, తర్వాత వచ్చిన గ్రేడీ సైజ్‌మోర్ కింద 13 గెలిచి 32 ఓడారు. కొంచెం నయం, అంతే.

జూలై చివర్లోనో ఆగస్టు మొదట్లోనో ట్రేడ్ గడువు ఉంటుంది, అంటే జట్లు ఆటగాళ్లని ఇచ్చిపుచ్చుకోవడానికి ఆఖరి రోజు. ఓడే జట్టు అభిమానికి ఏడాదిలో ముఖ్యమైన రోజు అదే. పనికొచ్చేవాళ్లని గెలిచే జట్లు పట్టుకుపోతాయి, బదులుగా కుర్రాళ్లొస్తారు. పులిసిన పిండితో ఇడ్లీ రాదు, పునుగులు వేస్తాం, ఇదీ అలాంటిదే. మైకెల్ కోపెక్‌ని డాడ్జర్స్ తీసుకున్నారు, అతను అదే ఏడాది వరల్డ్ సిరీస్ (అక్టోబర్‌లో మొదలయ్యే ఫైనల్) గెలిచాడు. మొదట ఒళ్లు మండుతుంది, తర్వాత మనవాడే కదా అని అక్టోబర్‌లో చూడటానికి ఓ సాకు దొరుకుతుంది. ఆ డీల్‌లో మనకొచ్చిన మిగెల్ వర్గాస్ ఆ ఏడాది మిగిలిన రోజుల్లో 0.104 సగటుతో కొట్టాడు, అంటే పది ప్రయత్నాల్లో సుమారు ఒక్క హిట్. మరుసటి ఏడాది రోజూ ఆడే బ్యాటర్ అయ్యాడు. అందుకే వచ్చిన కుర్రాళ్ల పేర్లు ఎక్కడో రాసి పెట్టుకోండి.

‘ఇప్పుడు ఓడితే రేపు మంచి కుర్రాళ్లొస్తారు’ అనేవాళ్లు మీకు ఎదురవుతారు. సగమే నిజం. హ్యూస్టన్ 2011 నుంచి మూడేళ్లలో 106, 107, 111 ఓడి 2017లో కప్పు కొట్టింది. ఆ కప్పు మీద అవతలి క్యాచర్ తన పిచర్‌కి చేసే సైగలు దొంగిలించిన మచ్చ పడింది, అది వేరే కథ. బాల్టిమోర్ 2021లో 110 ఓడి, 2023లో 101 గెలిచింది. కానీ పిట్స్‌బర్గ్ 1993 నుంచి 2012 దాకా వరసగా 20 సీజన్లు గెలుపుల కంటే ఓటములే ఎక్కువ మూటగట్టుకుంది. పైగా జట్లు కొత్త కుర్రాళ్లని వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఇప్పుడు ముందు వంతులకి లాటరీ పెట్టారు. పెద్ద నగరాల జట్లకి ఒక ఏడాది లాటరీ చోటు వస్తే మరుసటి ఏడాది రాదు, కాబట్టి 121 ఓడిన సాక్స్‌కి 2025 డ్రాఫ్ట్‌లో దక్కింది పదో నంబరు.

సెప్టెంబర్‌లో రికార్డు దగ్గర పడితే మాత్రం మానకుండా చూడండి. పాత రికార్డు, అంటే 1962లో మెట్స్ జట్టు ఓడిన 120తో సమానమయ్యాక సాక్స్ సొంత ఊళ్లో ఏంజెల్స్ మీద మూడింటికి మూడూ గెలిచారు. జట్టుని అమ్మెయ్యమని ఓనర్ మీద అరుస్తున్న జనం ముందు గెలిచారు. సెప్టెంబర్ 27న డెట్రాయిట్‌లో 121వది ఓడారు, ఆ మీద చివరి రెండూ గెలిచారు. అప్పటికి ఒత్తిడేమీ ఉండదు, కుర్రాళ్లు స్వేచ్ఛగా కొడతారు.

సీజన్ అయ్యాక డిసెంబర్ దాకా యాప్ నోటిఫికేషన్లు ఆపొద్దు. క్రోషేని బోస్టన్‌కి ఇచ్చేసిన కబురు నాకు అలాగే తెలిసింది. నలుగురు కుర్రాళ్లొచ్చారు, పేర్లు రాసుకున్నాను. ఫిబ్రవరి నుంచి అరిజోనాలో ప్రాక్టీస్ మ్యాచ్‌లు మొదలవుతాయి. అక్కడ మధ్యాహ్నం ఒంటిగంట దాటాక ఆడేవి మనకి అర్ధరాత్రి ఒకటిన్నరకి వస్తాయి, వాటి గెలుపోటములు దేనికీ లెక్కలోకి రావు. వాటికి లేవకండి.