షెడ్డు ఖాళీ చేస్తున్నారా? మీటరు, ప్యానెల్ బోర్డు తీయించడానికి దరఖాస్తు విధానం

అద్దె షెడ్డు ఖాళీ చేసి వెళ్లిన ఒక వెల్డింగ్ షాపు అతనికి నెలల తర్వాత ఓనర్ ఫోన్ చేశాడు, కరెంటు బిల్లు ఇంకా వస్తోందని. సర్వీసు (కరెంటు కనెక్షన్) క్లోజ్ చేయిస్తానని డబ్బు తీసుకున్న బ్రోకరు వైరు మాత్రమే కట్ చేయించాడు. ఆఫీసు లెక్కలో సర్వీసు అలాగే ఉంది. వాడకం లేకపోయినా ఫిక్స్‌డ్ చార్జీలు పడుతూనే ఉన్నాయి. ఇక్కడ చెప్పేది తెలంగాణలోని చిన్న ఎల్‌టీ (లో టెన్షన్, అంటే తక్కువ వోల్టేజీ) సర్వీసుల గురించి.

దరఖాస్తు కష్టమేమీ కాదు. బకాయి కట్టేసి, బిల్లు మీది యూఎస్‌సీ నంబరు (మీ కనెక్షన్‌కు ఇచ్చిన ప్రత్యేక నంబరు) వేసి, మీ ప్రాంతపు విద్యుత్ సెక్షన్ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) ఆఫీసులో ఇవ్వండి. "శాశ్వతంగా తొలగించండి" అనే మాట అందులో తప్పకుండా ఉండాలి. నకలు మీద తేదీతో సంతకం తీసుకోండి.

ఎక్కువమంది వెనక్కి తిరిగి వచ్చేది పేరు దగ్గరే. అద్దె కట్టేది మీరైనా, బిల్లు కట్టేది మీరైనా, సర్వీసు ఓనర్ పేరున ఉంటే అడగాల్సింది ఆయనే. ఆయన సంతకంతో సమ్మతి పత్రం, ఆధార్ నకలు ముందే తీసుకోండి. ఓనర్ చనిపోయి ఉంటే మరణ ధ్రువపత్రం, వారసుల సంతకాలు కూడా సిద్ధం చేసుకోండి. ఈ కాగితం లేదనే బ్రోకర్లు దగ్గరికి వస్తారు. టెన్షన్ పడకండి, రెండు రోజులు ఆలస్యమైనా ఓనర్ దగ్గరికే వెళ్లండి.

తర్వాత చివరి రీడింగ్ తీసి ఫైనల్ బిల్లు ఇస్తారు. 2020 నాటి కేంద్ర వినియోగదారుల హక్కుల నియమాల ప్రకారం, ఆ బిల్లు కట్టాక "ఫైనల్ బిల్" ముద్రతో ఇచ్చే రసీదే బకాయిల్లేవనడానికి రుజువు. కనెక్షన్ కోసం కట్టిన డిపాజిట్‌లో మిగిలింది కూడా అడగండి, సర్వీసు ఎవరి పేరున ఉంటే వాళ్లకే అది తిరిగి వస్తుంది.

ఈలోగా బోర్డు ముట్టుకోవద్దు. మెయిన్ స్విచ్ ఆఫ్ చేసినా, స్తంభం నుంచి మీటరు దాకా వచ్చే సర్వీసు వైరులో కరెంటు ఉంటుంది. చాలామంది ప్రాణాల మీదికి తెచ్చుకునేది ఇక్కడే. పైగా అనుమతి లేకుండా మీటరు విడదీస్తే విద్యుత్ చట్టం 2003, సెక్షన్ 138 కింద మూడేళ్ల వరకు జైలు, లేదా పది వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. లైన్‌మన్ ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైన్‌లో సరఫరా ఆపించి పని చేసే అనుమతి) తీసుకుని స్తంభం దగ్గర వైరు విప్పి, మీటరు తీసుకెళ్లాకే మీ ప్యానెల్ వంతు. దాన్ని లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌తోనే విప్పించండి. జనరేటర్, ఇన్వర్టర్ వైర్లు ముందే ఊడదీయించాలి. మోటార్ల కోసం పెట్టిన కెపాసిటర్‌లో సరఫరా పోయాక కూడా చార్జ్ నిలిచి ఉంటుంది కాబట్టి, దాన్ని డిశ్చార్జ్ చేసి మల్టీమీటర్‌తో చూశాకే చెయ్యి పెట్టమనండి.

మీటరు నంబరు, చివరి రీడింగ్, తేదీ రాసిన స్లిప్పు అడిగి తీసుకోండి. ఆ స్లిప్పు, ఫైనల్ బిల్ రసీదు నకళ్లు ఓనర్ చేతికి ఇచ్చిన రోజునే షెడ్డు తాళాలు కూడా ఇవ్వండి.