లంబసింగి బయల్దేరే ముందు పాత బుల్లెట్‌కి ఏ పని ఎప్పుడు

కార్తీకం వెళ్ళి మార్గశిరం వస్తోందంటే చాలు, మా బ్యాచ్ ఫోన్లు మొదలవుతాయి. "ఏరా, లంబసింగి ఎప్పుడు?" మన్యంలో, చలికాలం పొగమంచుకి పేరున్న కొండ ఊరు అది. ఏడాదంతా గుడ్డ కప్పుకుని పడుకున్న పాత బుల్లెట్లు అప్పుడు షెడ్లోంచి బయటికొస్తాయి. వారం రోజులు బ్రాసో పాలిష్ డబ్బాలు ఖాళీ చేస్తారు. శనివారం సాయంత్రం వెల్డింగ్ షాపులో ఓ క్యారియర్ కొట్టిస్తారు. ఆదివారం తెల్లవారుజామున మూడింటికి కిక్ కొడతారు. బ్రేకుల సంగతి నర్సీపట్నం దాటి డౌనూరు ఘాట్ ఎక్కాక గుర్తొస్తుంది.

ఈ వరస తలకిందులు. ముందు బ్రేకులు, రబ్బర్లు, వైర్లు. తర్వాత లగేజీ. మెరుగు అన్నిటికన్నా ఆఖరున. పైన పటారం లోన లొటారం బండితో ఊళ్ళో ఫొటోలు దిగొచ్చు గానీ కొండ దిగలేం.

నాది 1984 మోడల్ స్టాండర్డ్ 350. పోత ఇనుము బ్యారెల్, ప్లాటినం పాయింట్లు (ప్లగ్గులో సమయానికి నిప్పురవ్వ పుట్టించే చిన్న స్విచ్చు), కుడికాలు గేరు. నాన్న కొన్న బండి. యెజ్డీ, రాజ్‌దూత్ ఉన్నవాళ్ళకీ చాలావరకు ఇవే పనికొస్తాయి, తేడా ఉన్నచోట చెబుతాను.

మొదట ట్యాంకు. అడుగున తుప్పు పట్టి చెమ్మగా కనిపిస్తే చాలామంది పెట్రోలు వంపేసి, ఒకరోజు ఎండలో పెట్టి, వెల్డింగ్ షాపుకి పట్టుకెళ్తారు. ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకు కన్నా ప్రమాదం. మంట అందుకునేది ద్రవం కాదు, గాలిలో కలిసిన ఆవిరి. తుప్పు పొరల్లో, అతుకుల మడతల్లో చెంచాడు పెట్రోలు మిగిలినా, వేడి తగలగానే ఆవిరై ట్యాంకంతా నిండుతుంది. వాషింగ్ సోడా కలిపిన నీళ్ళతో బాగా కడిగి, నీళ్ళు నింపి పెట్టి అతికే పనివాళ్ళు వేరే ఉంటారు. అలాంటివాడు దొరక్కపోతే ట్రిప్పు మానుకోండి, ట్యాంకుని మాత్రం మామూలు వెల్డర్‌కి ఇవ్వకండి.

పెట్రోలు పైపు కొత్తది వేయండి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. పాత రబ్బరు పైపులు, కార్బొరేటర్ వాషర్లు దానికి ఉబ్బుతాయి, మెత్తబడతాయి. పైగా ఇథనాల్ గాలిలోని తేమని లాక్కుంటుంది కాబట్టి నెలల తరబడి నిలవున్న పెట్రోలు అడుగున నీరు చేరుతుంది. వానాకాలమంతా షెడ్లో ఉన్న బండి అయితే పాతది పూర్తిగా వంపేసి కొత్తది పోయండి.

బ్రేకు డ్రమ్ములు విప్పినప్పుడు లోపలి నల్ల పొడిని నోటితో ఊదొద్దు, కంప్రెసర్ గాలి అసలే కొట్టొద్దు. పాత లైనర్లలో, అంటే డ్రమ్ముకి ఒరుసుకుని బండిని ఆపే పట్టీల్లో, ఆస్‌బెస్టాస్ ఉంటుంది, ఊపిరితిత్తుల్లోకి వెళ్తే అక్కడే ఉండిపోతుంది. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డని కవర్లో కట్టి పారేయండి. లైనర్ ఎంత మిగిలిందో డ్రమ్ము విప్పకుండానే అంచనా వేయొచ్చు. బ్రేకు నొక్కి పట్టుకుని డ్రమ్ము మీది ఆర్మ్‌ని, అంటే కేబులు లాగే చిన్న ఇనుప మీటని చూడండి. కేబులుకి అది లంబకోణం దాటి పోతోందంటే లైనర్లు అయిపోయినట్టే. నట్టు బిగించి నెట్టుకొస్తే తగలడానికి తగులుతుంది గానీ పట్టు ఉండదు. కొత్త లైనర్లు వేయించినా వాటితో తిన్నగా ఘాట్ ఎక్కకండి. డ్రమ్ముకి పూర్తిగా కూర్చునేదాకా కొన్ని రోజులు ఊళ్ళోనే తిప్పాలి.

పాయింట్ల గ్యాప్ 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్ల మధ్య, ఫీలర్ గేజితో (సందు కొలిచే పలచటి రేకుల కట్ట). బ్లేడు ముక్క పెట్టి చూసే అలవాటు మానేయండి. టైమింగ్, అంటే నిప్పురవ్వ పడే సమయం, ముందుకి జరిగిపోయిన బుల్లెట్ కిక్‌ని వెనక్కి తంతుంది, చీలమండ పని అయిపోతుంది. తాళం తిప్పి కిక్‌ని మెల్లగా దించుతూ హెడ్‌లైటు పైనున్న యాంపియర్ మీటరు చూడండి. ఎడమకి వాలిన ముల్లు ఒకచోట నడిమికి వస్తుంది. అక్కడ ఆపి, డీకంప్రెసర్ (సిలిండర్లో ఒత్తిడి వదిలే మీట) నొక్కి, కిక్‌ని మరో రెండు వేళ్ళంత దించి, డీకంప్రెసర్ వదిలేయండి. కిక్ పైకి రానిచ్చి అప్పుడు ఒకటే తోపు, చివరిదాకా. బలంతో కొట్టే పని కాదిది. నాన్న అరవై దాటాక కూడా చెప్పులేసుకునే కొట్టేవారు. నేను మాత్రం బూట్లు వేసుకుంటాను, మీరూ వేసుకోండి.

ట్యాపెట్లు, అంటే వాల్వుల్ని తోసే భాగాల వదులు, చల్లటి ఇంజను మీదే చూడాలి. పుష్ రాడ్లు వేళ్ళతో తిప్పితే సులువుగా తిరగాలి, పైకీ కిందకీ మాత్రం ఆడకూడదు.

ఇక మెరుగు. చేసేది ఆఖరునే అయినా ముందే చెప్పేస్తాను. ఇందులో ప్రమాదమేముంది అనుకుంటారు. మా బావమరిది చూపుడువేలు చివరి కణుపు పోయింది మెరుగు పెట్టేటప్పుడే. సెంటర్ స్టాండు వేసి, ఇంజను ఆన్ చేసి, మొదటి గేరులో చక్రం తిరుగుతుండగా చైనుకి గుడ్డ పట్టుకున్నాడు. నిమిషంలో శుభ్రమైపోతుందని ఎవరో చెప్పారట. గుడ్డ దారం ఒకటి చైనుకి చిక్కింది, గుడ్డ వెంట వేలు స్ప్రాకెట్ దాకా వెళ్ళింది. ఇంజను ఆపి, న్యూట్రల్‌లో పెట్టి, చక్రాన్ని చేత్తో తిప్పుకుంటూ కిరోసిన్, బ్రష్షుతో తుడవండి. అరగంట పడుతుంది, పట్టనివ్వండి. ఎలాగూ అక్కడే కూర్చున్నారు కాబట్టి చైన్ లాక్, అంటే చైను రెండు కొసల్ని కలిపే లింకు, కూడా చూడండి. క్లిప్పు మూసి ఉన్న వైపు చైను పరుగెత్తే దిక్కుకి ఉండాలి. తెరిచి ఉన్న వైపు ముందుకుంటే దేనికైనా తగిలి ఊడొస్తుంది.

క్రోమ్ మీది తుప్పు చుక్కలకి ఎమరీ పేపర్ వద్దు. అల్యూమినియం ఫాయిల్‌ని ఉండ చుట్టి, నీళ్ళలో ముంచి రుద్దండి. ఇంజను కవర్లు బఫింగ్‌కి, అంటే తిరిగే గుడ్డ చక్రం మీద మెరుగుకి ఇస్తే, ఆ చక్రం ఎదుట తువ్వాలు, మెడలో గొలుసు, వదులు చొక్కా చేతులు ఉండకూడదు. చిన్న పార్టుల్ని ఆ చక్రం చేతిలోంచి లాక్కుని విసిరికొడుతుంది. ట్యాంకు మీది బంగారు గీతలు ఫ్యాక్టరీలో కుంచెతో చేత్తో గీసినవి. రబ్బింగ్ కాంపౌండ్ ఆ గీతల మీదికి పోనిస్తే నాలుగు రుద్దుళ్ళకి చెరిగిపోతాయి. టైర్లకి, సీటుకి, ఫుట్‌రెస్టులకి పాలిష్ పెట్టొద్దు. సీటు నిగనిగలాడితే వెనక కూర్చున్న మనిషి బ్రేకు వేసినప్పుడల్లా మీ వీపు మీదికొస్తారు.

ఛాసిస్‌కి రంగు వేయిస్తుంటే నంబరు చెక్కిన చోట టేపు అంటించమని పెయింటర్‌కి దగ్గరుండి చెప్పండి. నాకు తెలిసినాయన బండికి పౌడర్ కోటింగ్ మందంగా వేసేశారు. నంబరు కనపడక రిజిస్ట్రేషన్ రెన్యువల్ రెండు నెలలు ఆగింది. రంగే మార్చేస్తే ఆర్‌సీలోనూ మార్పించాలి.

కాగితాల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్ళు దాటిన, పెద్ద మార్పులేవీ చేయని బండిని వింటేజ్‌గా నమోదు చేయించుకోవచ్చు. నంబరులో 'వీఏ' అక్షరాలు వస్తాయి, కొత్తగా నమోదుకి 20,000 రూపాయలు. ఆ నంబరు మీద మోజు పడేముందు ఒకటి తెలుసుకోండి. అలా నమోదైన బండి ర్యాలీకి, ప్రదర్శనకి, రిపేరుకి, పెట్రోలు పోయించుకోడానికి రోడ్డెక్కాలి తప్ప మామూలుగా తిరగడానికి కుదరదు. లంబసింగి వెళ్ళాలనుకునేవాడికి మామూలు రిజిస్ట్రేషన్ రెన్యువలే మేలు.

అసలు తంటా లగేజీతో. క్యారియర్‌ని ఫ్రేముకి నేరుగా వెల్డింగ్ చేయించకండి. కాలిన చోట పైపు బలం తగ్గి, ఆ అతుకు పక్కనే పగులుతుంది. క్లాంపులతో, బోల్టులతో బిగించండి. క్యారియర్‌కే ఏదైనా అతుకు వేయాల్సొస్తే దాన్ని విప్పి తీసుకెళ్ళండి. విప్పడం కుదరదంటే కనీసం బ్యాటరీ వైర్లు పీకండి. సింగిల్ సిలిండర్ అదురుడుకి మామూలు నట్లు నిలవవు. నైలాక్ నట్లు (లోపల నైలాన్ రింగు ఉండి వదులవనివి) వేసి, బరువుతో ఇరవై కిలోమీటర్లు తిరిగొచ్చి మళ్ళీ బిగించండి. మొదటిసారి నాకు నాలుగింట్లో మూడు వదులయ్యాయి.

బరువైనవి, అంటే టూల్ కిట్టు, నీళ్ళ సీసాలు, కిందకీ ముందుకీ ఉండాలి. వెనక ఇరుసు దాటి వెనక్కి వేలాడే ప్రతి కిలో ముందు చక్రాన్ని తేలిక చేస్తుంది, వేగం అరవై దాటగానే హ్యాండిల్ వణకడం మొదలెడుతుంది. గుడారం, దుప్పట్లు, స్వెట్టర్లు పైన పెట్టుకోండి. బుల్లెట్‌కి కుడివైపు సైలెన్సర్. రెక్సిన్ సంచి దానికి నాలుగు వేళ్ళ దూరంలో ఉన్నా, ఎక్కిన బరువుకి సస్పెన్షన్ కుంగినప్పుడు అంటుకుంటుంది. ఇద్దరూ ఎక్కి కూర్చుని ఊగి చూడండి. ఎడమవైపు శారీ గార్డు సంచిని చక్రంలోకి పోనివ్వదు. అందం చాలలేదని దాన్ని పీకేసినవాళ్ళే ఎక్కువ, మళ్ళీ బిగించండి. యెజ్డీకి రెండువైపులా సైలెన్సర్లే కాబట్టి సంచుల కింద ఇనుప ఫ్రేము తప్పదు.

కొక్కేల రబ్బరు తాళ్ళు సాగదీసి తగిలించేటప్పుడు మొహం పక్కకి తిప్పుకోండి. కొక్కెం జారితే తిన్నగా కంటికే. పాత సైకిల్ ట్యూబు కోసి కట్టుకోవడం నాకు నచ్చుతుంది. కొస మాత్రం చివరిదాకా లోపలికి దోపాలి, వేలాడితే చైను లాగేస్తుంది.

బరువు వేశాక మూడు చూసుకోవాలి. చైను వదులు, ఇద్దరూ కూర్చున్నప్పుడు. వెనక టైరు గాలి. హెడ్‌లైటు వెలుగు. వెనక కుంగితే లైటు పైకి లేచి ఎదుటివాడి కళ్ళలో పడుతుంది, పొగమంచులో మీకూ ఏమీ కనిపించదు. సంచుల వెనక రిఫ్లెక్టర్ స్టిక్కర్లు అంటించండి. నంబరు ప్లేటు, టెయిల్ లైటు కప్పడిపోకుండా చూడండి.

లంబసింగి నుంచి, అంటే దాదాపు 1000 మీటర్ల ఎత్తు నుంచి దిగేటప్పుడు ఎక్కిన గేరులోనే దిగండి. బ్రేకు నొక్కి పట్టుకుని దిగితే డ్రమ్ము వేడెక్కి, మూడో మలుపుకి పెడలు ఉంటుంది గానీ బ్రేకు ఉండదు. యెజ్డీ, రాజ్‌దూత్ లాంటి టూ స్ట్రోక్ బళ్ళవాళ్ళకి ఇంకో చిక్కు. పెట్రోలుతో కలిసి వచ్చేదే ఆయిలు కాబట్టి, యాక్సిలరేటర్ పూర్తిగా మూసేసి కిలోమీటర్లు దిగితే పిస్టన్ పట్టేస్తుంది. మధ్యమధ్యలో క్లచ్ పట్టి యాక్సిలరేటర్ కాస్త తిప్పుతుండండి.

దారిలో "ఒరేయ్, ఒక్కసారి నీ బుల్లెట్ ఇవ్వరా" అంటారు. ఘాట్ మీద ఇవ్వకండి. కుడికాలు గేరు, ఎడమకాలు బ్రేకు, మొదటి గేరు పైకి, మిగతా మూడూ కిందకి. కొత్త బళ్ళకి అలవాటైన కాలు కంగారులో కుడివైపే తొక్కుతుంది. తొక్కితే అక్కడ పడేది గేరు. అడిగినవాడికి చింతపల్లి దాటాక చదును రోడ్డు మీద ఇస్తానని చెప్పి, తాళం జేబులో వేసుకోండి.