ఇంగువ ఎక్కడ పెట్టారు: మనిషి మారాడని కథ జరిగే చోటుతో చెప్పించడం

కథలో మనిషి మారాడని చెప్పాల్సి వచ్చేసరికి మనలో చాలామందికి టెన్షన్ మొదలై, చివరి పేరాలో ఆ మనిషిని కిటికీ దగ్గర నిలబెట్టి ఆలోచింపజేసేస్తాం. నేనూ చేశాను. పైగా మొదట్లో పేజీన్నర పొలాలు, కాలువ గట్టు, సాయంత్రపు ఎండ. ఆ పేజీన్నరా తీసేసినా కథకు ఏమీ కాలేదు, అంటే అక్కడ దానికి పనే లేదన్నమాట.

నాకు పనికొచ్చిన కిటుకు ఒక్కటే. మనిషిని ఒకే చోటికి రెండుసార్లు తీసుకురండి. చోటు పెద్దగా మారకూడదు, అందులో అతను మసిలే తీరు మారాలి.

గురజాడ ‘దిద్దుబాటు’ (1910) ఈసారి గది కోసం చదవండి. పొద్దుపోయి ఇంటికొచ్చిన గోపాలరావు తలుపు తియ్యమని కేకేస్తాడు. ఎవరూ తీయరు. లోపల చూస్తే మంచం మీద భార్య కమలిని లేదు, గదిలో ఒక ఉత్తరం మాత్రం ఉంది. అతను తన తప్పు ఒప్పుకున్నాక, ఖాళీ అనుకున్న ఆ మంచం కిందనుంచే కమలిని నవ్వు వినిపిస్తుంది. ఇల్లు అదే, మంచం అదే, కేకలేసినవాడే దిగొచ్చాడు.

మనం ఒకటి కట్టి చూద్దాం. రిటైరైన బస్సు కండక్టరు. భార్య కూతురి పురుడుకని డల్లాస్ వెళ్లింది, ఆరు నెలలు రాదు. ఇల్లంతా వర్ణించకండి, వంటగది చాలు, నిజానికి పోపుల పెట్టె చాలు. మొదటి సీన్లో గడప ఇవతలే నిలబడి, వీడియో కాల్‌లో పెట్టె చూపిస్తూ “ఇందులో జీలకర్ర ఏదే?” అని అడుగుతాడు. ఆమెకి అక్కడ అర్ధరాత్రి, నిద్రమత్తులోనే “ఆవాల పక్కన” అంటుంది. ఆవాలేవో తెలిస్తే కదా ఆయనకి!

మధ్యలో ఆయన వంట నేర్చుకున్న సంగతి దాదాపు రాయొద్దు. మాడిన బాణలి ఒకటి పెరట్లో నానుతోందని ఒక ముక్క చాలు. చివరి సీన్లో ఆమె తిరిగొచ్చి, ప్రయాణ బడలికతోనే పొయ్యి దగ్గరికెళ్లి పెట్టె మూత తీస్తుంది. గిన్నెలు తను సర్దిన వరసలో లేవు. ఎండుమిరపకాయలు తొడిమలు తీసి, తుంచి ఉన్నాయి. కాసేపు చూసి, “ఏవండీ, ఇంగువ ఎక్కడ పెట్టారు?” అంటుంది. ఆయన హాల్లోంచే, పేపర్లోంచి తలెత్తకుండా, “రెండో అర, చింతపండు డబ్బా వెనకాల” అంటాడు.

ఇక్కడ ఆగిపోవాలి. ఆయన మంచివాడయ్యాడా, ఆమె చోటు లాగేసుకున్నాడా అన్నది పాఠకులకే వదిలేయండి. ఆమె సంతోషించిందో చిన్నబుచ్చుకుందో నేనూ తేల్చుకోలేదు, అందుకే ఈ ఉదాహరణ నాకిష్టం.

జాగ్రత్త పడాల్సింది చూపు దగ్గర. ఆ వంటగదిని మీ కళ్లతో చూసి రాయకండి. ముప్పై ఏళ్లు చిల్లర లెక్కపెట్టిన మనిషి గిన్నెలు కూడా లెక్కే పెడతాడు, పసుపు రంగు ఎంత బాగుందో ఆయనకి పట్టదు. వర్షం పడితే మనసు బాగోలేదని, ఎండ కాస్తే బాగైందని చూపించే పద్ధతి మాత్రం దయచేసి వద్దు. రాసింది పట్టిందో లేదో చూడాలంటే, మొదటి సీన్, చివరి సీన్ మాత్రమే తీసి, కథ తెలియని స్నేహితుడికి ఇచ్చి మధ్యలో ఏం జరిగుంటుందో అడగండి.