ఖాళీగా కనిపించే పాత వీధి ఫొటోలో మనుషుల్ని వెతకడం ఎలా?

తొలినాళ్ల వీధి ఫొటో చూడగానే ఊరంతా వలస పోయిందేమో అనిపిస్తుంది. నిజానికి జనం ఉన్నారు. కదిలేవాళ్లను ప్లేటు (ఫిల్ముకు బదులు అప్పట్లో బొమ్మ పట్టిన పలక) పట్టుకోలేకపోయింది, అంతే. ఈ సంగతి వంటబట్టడానికి ఫొటోగ్రఫీకి ఆద్యుల్లో ఒకడైన లూయీ డాగెర్ 1838లో పారిస్‌లో తీసిన ‘బులెవార్ దు తాంప్ల్’ను మించిన ఫొటో లేదు. దొరికినంత పెద్ద స్కాన్ దించుకుని కంప్యూటర్‌లో తెరవండి. ఫోన్ తెర చాలదు.

మొదట రెండు నిమిషాలు బొమ్మ మొత్తాన్నీ చూడండి. ఎండ ఎటు నుంచి పడుతోంది, నీడలు ఎటు వాలాయి అన్నది గుర్తు పెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది. తర్వాత అడ్డంగా నాలుగు, నిలువుగా నాలుగు చొప్పున 16 గళ్లుగా ఊహించుకుని, ఒక్కో గడినీ పెద్దది చేసి చూడండి.

ఎడమ వైపు కిందికి వచ్చేసరికి కాలిబాట అంచున ఒక మనిషి కనిపిస్తాడు. ఒక కాలు ఎత్తి పెట్టి బూట్లు పాలిష్ చేయించుకుంటున్నాడు. ఎక్స్‌పోజర్‌కు, అంటే ప్లేటు మీద వెలుగు పడి బొమ్మ దిగడానికి, నిమిషాలు పట్టింది కాబట్టి బళ్లూ, నడిచేవాళ్లూ ఆనవాలు లేకుండా పోయారు. నిలబడినందుకు ఇతను మిగిలాడు. 1839 మార్చిలో ప్లేటు చూసిన శామ్యూల్ మోర్స్ (టెలిగ్రాఫ్ మోర్సే) ఇతని కాళ్లు స్పష్టంగా ఉన్నాయనీ, ఒళ్లూ తలా కదలడం వల్ల పడలేదనీ ఉత్తరంలో రాశాడు. ఏ పాత ఫొటోకైనా ఇదే కొలబద్ద. బండి స్పష్టంగా ఉండి గుర్రం తల చెదిరితే బండి ఆగి ఉందన్నమాట. నేల మీద పొగలాంటి చార ఉంటే ఎవరో నడిచి వెళ్లారు. 1850లలో వచ్చిన తడి కొలోడియన్ (జిగురు లాంటి పూత తడిగా ఉండగానే వాడే) ప్లేట్లకు ఎండలో సాధారణంగా కొన్ని సెకన్లు పట్టేది. 1880ల నాటి జెలటిన్ పొడి ప్లేట్లకు సెకనులో చిన్న భాగం సరిపోయింది. వీధిలో జనం నిండుగా కనిపించడం అప్పటి నుంచే మామూలైంది.

డాగెరోటైపులో, అంటే డాగెర్ పద్ధతిలో వెండి పూత పలక మీద తీసిన ఇలాంటి ఫొటోలో, కుడిఎడమలు తారుమారవుతాయి. పటంతో పోల్చే ముందు బొమ్మను అద్దంలో చూసినట్టు తిప్పండి. ఇది మర్చిపోయి ‘ఇది వేరే వీధి’ అని తేల్చేసేవాళ్లు చాలామంది. నెగెటివ్ నుంచి కాగితం మీద అచ్చు వేసిన ఫొటోకు ఈ అవసరం ఉండదు. అనుమానమొస్తే దుకాణం బోర్డు చదివి చూడండి.

రంగుల విషయంలో తొందరపడొద్దు. ఆ ప్లేట్లకు నీలం బాగా అందుతుంది, ఎరుపు దాదాపు అందదు. అందుకే ఆకాశం తెల్లగా పాలిపోతుంది, ఎర్ర తలపాగా నల్లగా పడుతుంది. ఇప్పుడు కంప్యూటర్‌తో రంగులద్దిన పాత ఫొటోలను చూసి ఆనాటి బట్టల రంగు ఇదేనని నమ్మకండి.

ఏ ఏడాదిదో తేల్చడానికి ఫొటో అతికించిన అట్ట మీది రాత కన్నా కట్టడాలను నమ్మడం మేలు. రాసిన తేదీ ప్రింటు వేసినదై ఉండొచ్చు. హైదరాబాద్ వీధి ఫొటోలో చార్మినార్ ఉంటే గడియారాలు వెతకండి. అవి 1889లో పెట్టినవి. ఆ చోటు స్పష్టంగా కనిపిస్తూ గడియారం లేకపోతే ఫొటో అంతకు ముందుది. ఉంటే మాత్రం ‘1889 లేదా ఆ తర్వాత’ అనే చెప్పగలం.

అసలు ప్రింటే చేతికొస్తే అంచులు పట్టుకుని ఏటవాలు వెలుగులో చూడండి. పల్చటి కాగితం అట్టకు అతికి, తెలుపులు పసుపు తిరిగి ఉంటే అది బహుశా ఆల్బుమెన్ (గుడ్డు తెల్లసొన పూత వేసిన కాగితం) ప్రింటు. నలుపుల్లో వెండి మెరుపు తేలితే జెలటిన్ పూత ప్రింటు. ఎంత దుమ్ముగా ఉన్నా తుడవొద్దు. ఆ పారిస్ ప్లేటు కూడా 20వ శతాబ్దంలో శుభ్రం చేయబోతేనే పాడైంది. మనం చూస్తున్నవి అంతకు ముందు తీసిన నకళ్లు.

ప్లేటు మీది మరకలు ఆ నకళ్లలోనూ పడి ఉండొచ్చు. అందుకే ఆ స్కాన్‌లో కనిపించే ప్రతి మచ్చనూ మనిషిగా లెక్కపెట్టకండి. మొదట్లో గుర్తు పెట్టుకున్న నీడల దిక్కు ఇక్కడ కావాలి. మచ్చకు అదే దిక్కున నీడ పడి, అది నేలకు ఆని ఉంటే లెక్కలోకి తీసుకోండి. గాలిలో తేలుతుంటే ప్లేటు మీది మరకే.