టైమ్ ట్రావెల్ సిరీస్‌లో కథనం కుంటుపడితే, పాత్ర పట్టు తప్పితే: సమస్య - పరిష్కారం

టైమ్ ట్రావెల్ సిరీస్‌ల మీద ప్రేక్షకులు చేసే ఫిర్యాదుల్లో ముఖ్యమైనవి రెండు. కథను మధ్యలో సాగదీశారన్నది మొదటిది. మొన్న చూసిన మనిషి ఇవాళ మరొకరిలా ప్రవర్తిస్తున్నాడన్నది రెండోది. వీటిని వేర్వేరు జబ్బులుగా భావించి, మొదటిదానికి ఎడిటింగ్‌లో కోతలు, రెండోదానికి సంభాషణల్లో మార్పులు మందుగా వాడడం పరిపాటి. కానీ ఈ రెండూ చాలావరకు ఒకే చోట పుడతాయి. కథలో వచ్చే సంవత్సరాలను లెక్క పెట్టినంత శ్రద్ధగా, ఆ సంవత్సరాల మధ్య తిరిగిన మనిషి బతికిన రోజులను రచయితలు లెక్క పెట్టరు. అందుకే ఈ కింద చెప్పే పరిష్కారాల్లో ఎక్కువ భాగం స్క్రిప్టు దశలో చేయవలసినవే. షూటింగ్ పూర్తయ్యాక వీటిలో చాలావాటికి దారి ఉండదు.

సమస్య: గతంలోకి వెళ్లిన కథ అక్కడే ఉండిపోతోంది

అమెరికా టీవీ ఛానెల్ ఎన్‌బీసీలో 2006లో మొదలైన హీరోస్ సిరీస్‌లో హీరో నకమురా (హీరో అన్నది ఇక్కడ అతని పేరే) అనే టోక్యో ఉద్యోగికి కాలాన్ని ఆపే శక్తి, కాలంలో ముందుకు వెనక్కు వెళ్లే శక్తి ఉంటాయి. మొదటి సీజన్‌లో ప్రేక్షకులు ఎంతో ఇష్టపడిన పాత్ర అది. 2007లో వచ్చిన రెండో సీజన్‌లో అతను 1671 నాటి జపాన్‌లో ఉంటాడు. చిన్నప్పుడు తండ్రి చెప్పిన కథల్లోని మహావీరుడు టకేజో కెన్సే అసలు ఒక ఆంగ్లేయుడని, వీరత్వం కంటే తాగుడే అతనికి ప్రియమని అక్కడ తెలుసుకుని, అతన్ని కథలో విన్న వీరుడిగా తీర్చిదిద్దడానికి పూనుకుంటాడు. ఆలోచనగా ఇది చక్కనిది. కానీ ఆ సీజన్ మొత్తం 11 ఎపిసోడ్లయితే, హీరో గతం నుంచి తిరిగి వచ్చేసరికి ఏడో ఎపిసోడ్ అయింది. ఈలోగా వర్తమానంలో అతని తండ్రి హత్యకు గురయ్యాడు. ఆ సంగతి ప్రేక్షకుడికి మొదటి ఎపిసోడ్‌లోనే తెలుసు, కొడుక్కి తెలియదు. కన్న తండ్రి పోయిన ఇంటి కొడుకు మూడు శతాబ్దాల వెనక ప్రేమలో పడుతుంటే ప్రేక్షకుడికి సహనం నశించడంలో వింత లేదు. సిరీస్ సృష్టికర్త టిమ్ క్రింగ్ కూడా ఆ జపాన్ కథ మరీ పొడుగైందని అప్పట్లోనే బహిరంగంగా ఒప్పుకున్నారు.

కారణం నిడివి ఒక్కటే కాదు. కెన్సేకు చావు లేదు. 1671లో హీరో చేతిలో దెబ్బతిన్న ఆ మనిషే ఆడమ్ మన్రో పేరుతో 2007లోనూ బతికి ఉన్నాడు, అసలు శత్రువు అతనే. గతానికీ వర్తమానానికీ మధ్య ఉన్న ఈ ముడి జపాన్ కథ ముగిసే వేళకు గానీ బయటపడలేదు. అప్పటిదాకా ఆ సన్నివేశాలు అసలు కథతో సంబంధం లేని వేరొక సిరీస్‌లా నడిచాయి.

పరిష్కారం కత్తెరలో లేదు, రహస్యాన్ని ఎప్పుడు విప్పాలన్న నిర్ణయంలో ఉంది. కెన్సే నేటికీ బతికే ఉన్నాడని రెండో ఎపిసోడ్ చివర ప్రేక్షకుడికి మాత్రం తెలిసి ఉంటే, ఆ తర్వాత హీరో అతనికి చేసిన ప్రతి మేలూ, నేర్పిన ప్రతి పాఠమూ ఒక శత్రువును తయారు చేస్తున్న పనిగా కనిపించేది. అవే సన్నివేశాలు, అదే నిడివి, కానీ ఉత్కంఠ వేరు. మీ స్క్రిప్టులో గతంలో జరిగే ప్రతి ఎపిసోడ్ పక్కనా, దాని వల్ల వర్తమానంలో మారినదేమిటో ఒక్క వాక్యంలో రాసి చూడండి. ప్రేక్షకుడి అవగాహనలో వచ్చిన మార్పు కూడా మార్పే. వరుసగా రెండు ఎపిసోడ్ల పక్కన ఆ వాక్యం రాయలేకపోతే ఆ రెండింటినీ ఒకటిగా కలిపేయవచ్చు.

సమస్య: పెద్ద మార్పు అని ఊరించి, వెంటనే వెనక్కి తీసుకోవడం

పైదానికి ఇది సరిగ్గా ఎదురు. ద ఫ్లాష్ రెండో సీజన్ 2016 మే నెలలో ముగిసినప్పుడు, కాలాన్ని దాటేంత వేగంగా పరుగెత్తగల కథానాయకుడు బ్యారీ ఆలెన్ గతంలోకి పరుగెత్తి, చిన్నప్పుడు హత్యకు గురైన తల్లిని కాపాడుకుంటాడు. లోకమంతా తలకిందులైందని ప్రేక్షకులు అక్టోబరు దాకా ఎదురుచూశారు. మూడో సీజన్ తొలి ఎపిసోడ్ ముగిసేసరికే అతను ఆ మార్పును రద్దు చేయడానికి ఒప్పుకున్నాడు. కొత్త లోకంలో అతను మూడు నెలలు తల్లిదండ్రులతో కలిసి బతికాడని మాటల్లో వింటాం, ఆ మూడు నెలలను మాత్రం చూడం. అందుకే తల్లిని మళ్లీ చావుకు అప్పగించే ఘట్టం ఉండవలసినంత బరువుగా అనిపించదు.

ఇక్కడ కారణం భయం. పాత లోకంలోని పాత్రలు, సెట్లు, అలవాటైన బంధాలు దూరమవుతాయని రచయితలు జంకుతారు. దీనికి మందు, ఎంత మార్పును సీజన్ చివరి దాకా మోయగలరో ముందే తేల్చుకుని అంతే మార్చడం. అదే సీజన్‌లో ఈ పని చక్కగా జరిగిన చోటు కూడా ఉంది. బ్యారీ చేసిన మార్పుల వల్ల స్నేహితుడు సిస్కో అన్న డాంటే చనిపోయి ఉంటాడు. కాపాడలేనని బ్యారీ అనడం, ఆ కోపం సిస్కోలో చాలాకాలం మిగిలిపోవడం, తలకిందులైన లోకం కంటే ఎక్కువ నిలిచాయి.

సమస్య: మళ్లీ వెనక్కి వెళ్లి సరిచేయవచ్చు కదా?

ఈ ప్రశ్న ప్రేక్షకుడి మనసులో పుట్టిందంటే ప్రయాణానికి హద్దు గానీ మూల్యం గానీ లేదన్నమాట. హద్దు లేనప్పుడు తెలివైన పాత్ర చేత తెలివితక్కువ పని చేయించక తప్పదు, పాత్ర మారిపోయిందన్న ఫిర్యాదు సగం అక్కడే మొదలవుతుంది. హీరో నకమురా విషయంలో ఇదే జరిగింది. అన్నీ చేయగలవాణ్ని ఆపడానికి మూడో సీజన్‌లో అతని మనసును పదేళ్ల పిల్లవాడి స్థాయికి తీసుకెళ్లారు, ఆ తర్వాత శక్తినే లాగేశారు. కథ అవసరం తీరింది గానీ మొదటి సీజన్ అంతటా అతను కష్టపడి సంపాదించుకున్న పరిణతి పోయింది.

హద్దును తొలి ఎపిసోడ్‌లోనే పెట్టాలి, అది పాత్రను బాధించేదిగా ఉండాలి. 1989 నుంచి 1993 దాకా వచ్చిన క్వాంటమ్ లీప్‌లో శామ్ బెకెట్ తన జీవితకాలం లోపలి సంవత్సరాలకే వెళ్లగలడు, ఎక్కడికి వెళ్లాలో తాను నిర్ణయించుకోలేడు, జ్ఞాపకాలు చిల్లులు పడి ఉంటాయి. సాయం చేసే స్నేహితుడు ఆల్ హోలోగ్రామ్ కాబట్టి దేన్నీ తాకలేడు. ఒక్కొక్క హద్దూ ఒక్కొక్క సన్నివేశానికి ముడిసరుకు. నియమాలను శాస్త్రవేత్త పాత్ర చేత ఉపన్యాసంగా చెప్పించడం కంటే ఇది ఎంతో మేలు.

సమస్య: ఎంత అనుభవించినా పాత్ర మొదటిరోజులాగే ఉంది

నా దృష్టిలో అన్నింటికంటే పెద్ద లోపం ఇదే. దీనికి కారణం, సన్నివేశాన్ని తెర మీది తేదీని బట్టి రాయడం. మామూలు కథలో తెర మీది తేదీ, పాత్ర బతికిన కాలం కలిసే నడుస్తాయి కాబట్టి ఒక్క క్యాలెండర్ సరిపోతుంది. ఇక్కడ ప్రతి పాత్రకూ సొంత క్యాలెండర్ కావాలి.

దివిసీమ ఉప్పెన నేపథ్యంగా ఒక సిరీస్ రాస్తున్నారనుకుందాం. ఉప్పెన వచ్చింది 1977 నవంబర్ 19న. మన కాలానికి చెందిన ఒక నర్సు నవంబర్ 16న అక్కడికి చేరుతుంది, జనాన్ని హెచ్చరించి విఫలమవుతుంది, మళ్లీ 16కే వెళ్లి రెండోసారీ విఫలమవుతుంది, మూడోసారి బయలుదేరుతుంది. ఆశ్రయమిచ్చిన ఇల్లాలికి ఆమె మూడుసార్లూ కొత్త మనిషే. నర్సుకు మాత్రం ఆ ఇల్లాలు రెండుసార్లు కళ్లముందు కొట్టుకుపోయిన మనిషి. మూడోసారి గుమ్మంలో నిలబడి "మంచినీళ్లు ఇస్తారా అండీ" అని అడిగేటప్పుడు ఆమె గొంతు మొదటిసారిలా ఉండకూడదు. కుండ ఏ మూల ఉందో ఆమెకు తెలుసు. చూపు అడగకముందే అటు వెళ్లాలి. వన్ లైన్ ఆర్డర్‌లో (సన్నివేశాలను ఒక్కో వాక్యంలో వరుసగా రాసుకున్న జాబితాలో) ఆ సన్నివేశం పక్కన ఇలా రాసుకోవాలి:

ఎపిసోడ్ 5, సీన్ 9. తెర మీద: 1977 నవంబర్ 17. ఆమెకు: పదో రోజు. ఒంటి స్థితి: రెండు రాత్రులుగా నిద్ర లేదు, ఎడమ అరచేతికి రెండోసారి తగిలిన గాయం ఇంకా మానలేదు. తెలిసినవి: ఇంట్లో పిల్లలు ఎక్కడ పడుకుంటారో, ఇంటి పెద్ద ఊరు వదలడానికి ఎందుకు ఒప్పుకోడో. తెలియనిది: పక్కింటి కుర్రాడు రెండోసారి తన మాట నమ్మి బయలుదేరాడని.

ఈ కొద్ది వాక్యాలు రాస్తే కథనం వేగం కూడా దానంతట అదే సర్దుకుంటుంది. ఆమెకు ముందే తెలిసినదాన్ని మళ్లీ కనుక్కునే సన్నివేశాలు అనవసరమని ఆ పట్టికే చెబుతుంది. మూడోసారి వచ్చేసరికి పరిచయాలన్నీ దాటేసి నేరుగా ఇంటి పెద్దతో వాదనకు దిగవచ్చు.

2015 నుంచి 2018 దాకా 47 ఎపిసోడ్లుగా వచ్చిన 12 మంకీస్ ఈ లెక్కను ఎంత శ్రద్ధగా పాటించిందో చూడాలంటే కాసాండ్రా రైలీని గమనించాలి. మొదటి సీజన్‌లో ఆమె ప్రాణాలు నిలపాలనుకునే డాక్టరు. భవిష్యత్తు నుంచి వచ్చిన జేమ్స్ కోల్ చంపడానికి వెనుకాడని మనిషి. సీజన్ చివర గాయపడిన ఆమెను 2043కు పంపుతారు. కూలిపోయిన ఆ లోకంలో నెలల తరబడి బతికాక, రెండో సీజన్‌లో ఆమె తుపాకీ పట్టిన కరకు మనిషిగా ఎదురవుతుంది, ఈలోగా కోల్ మెత్తబడి ఉంటాడు. ఇద్దరి మధ్య పాత వాదనే నడుస్తుంది, వాదించేవారి పక్షాలు తారుమారవుతాయి. పాత్ర ఇంతగా మారినా పాత్ర తప్పిందని ఎవరికీ అనిపించదు, ఎందుకంటే ఆ మార్పుకు ఆమె బతికిన నెలలు సాక్ష్యంగా ఉన్నాయి.

సమస్య: ఒకే మనిషి రెండు వయసుల్లో ఇద్దరు మనుషుల్లా ఉన్నారు

జర్మన్ సిరీస్ డార్క్ (2017-2020, 26 ఎపిసోడ్లు) జోనాస్ పాత్రకు ముగ్గురు ప్రధాన నటులను తీసుకుంది: కుర్రవాడిగా లూయిస్ హాఫ్‌మన్, నడివయసులో ఆండ్రియాస్ పీచ్‌మన్, ముదుసలి ఆడమ్‌గా డీట్రిచ్ హోలిండర్‌బాయ్మర్. నడివయసు మనిషి మెడ మీద తాడు మచ్చను మొదటి సీజన్‌లో చూస్తాం, ఆ మచ్చ కుర్రవాడికి ఎలా పడిందో రెండో సీజన్‌లో చూస్తాం. అయితే మచ్చలు ప్రేక్షకుడు మనిషిని గుర్తుపట్టడానికే పనికివస్తాయి. నమ్మకం కుదరాలంటే ఇద్దరి కోరికా ఒకటే కావాలి. జరిగినదాన్ని జరగకుండా చేయాలన్నది కుర్ర జోనాస్ తపన. ఆడమ్‌దీ అదే తపన, కాకపోతే ఇప్పుడు అన్నిటినీ నాశనం చేసైనా సరే. రెండో సీజన్ చివర ఆడమ్, జోనాస్ ప్రేమించిన మార్తాను కుర్ర జోనాస్ కళ్లముందే కాల్చి చంపడం, తనను తానుగా తయారు చేసుకున్న క్షణం.

అదే సిరీస్‌లో ఉల్రిక్ నీల్సన్ ఇంకా సూటైన ఉదాహరణ. తప్పిపోయిన కొడుకు కోసం వెతుకుతూ 1953 చేరిన ఈ పోలీసు, పెద్దయ్యాక హంతకుడవుతాడన్న అనుమానంతో హెల్గే అనే పిల్లవాడిని రాయితో కొడతాడు. భవిష్యత్తులో మనం చూసిన ముసలి హెల్గే ముఖం మీది గాయం అదే. ఇక్కడ కాలచక్రాన్ని మూసింది విధి కాదు, ఉల్రిక్ తొందరపాటు, అది తొలి ఎపిసోడ్ నుంచీ అతనిలో ఉన్నదే. చక్రం తిరగడం కోసమే పాత్ర చేత ఏదో ఒక పని చేయిస్తున్నట్టు మీ స్క్రిప్టులో అనిపిస్తే, ఆ పనిని మరొక పాత్రకు ఇవ్వండి, లేదా ఆ పని చేసేంతటి గుణాన్ని మూడు నాలుగు ఎపిసోడ్ల ముందు నుంచే చూపించండి.

సమస్య: ఏ సంవత్సరంలో ఉన్నామో తెలియడం లేదు

తెర మీద వేసే తేదీలను ఎవరూ గుర్తుపెట్టుకోరు. ప్రతి కాలానికీ ఒక ఇల్లో, గదో కేటాయించి, ఆ కాలంలోకి వెళ్లిన ప్రతిసారీ మొదటి షాట్ అక్కడ పెట్టండి. ఒక్క ఎపిసోడ్‌లో మూడు కాలాలకు మించకపోతే ఇంకా మంచిది.

సమస్య: ఒక పాత్ర వేరే కాలంలో చిక్కుకుని, ఇక ప్రస్తావనకే రాలేదు

హీరోస్ రెండో సీజన్‌లోనే, కాలంలో ప్రయాణించగల మరో పాత్ర పీటర్ పెట్రెల్లి తనతో పాటు కేట్లిన్ అనే ఐర్లండ్ యువతిని 2008 జూన్ నాటి న్యూయార్క్‌కు తీసుకెళ్లి, తానొక్కడే వెనక్కి వస్తాడు. 2007 నవంబరులో అమెరికా రచయితల సమ్మె మొదలవడంతో సీజన్ అర్ధాంతరంగా ముగిసింది, కేట్లిన్ చిక్కుకున్న ఆ భవిష్యత్తే రద్దయింది, సిరీస్ ఆమెను మళ్లీ చూపలేదు. ఎదుటివారి బాధను తన బాధగా భావించడమే పీటర్ స్వభావం, అతని శక్తికి మూలం కూడా అదే. అలాంటివాడు ఆమె ఊసెత్తకుండా తర్వాతి సీజన్లు గడిపేయడం ఆ పాత్రకు తగిలిన దెబ్బ. సమ్మె రచయితల చేతిలో లేదు, కానీ తర్వాతి సీజన్‌లో పీటర్ చేత ఒక్కసారి ఆమె పేరు తలపించడం వారి చేతిలోనే ఉంది.

ప్రతి సీజన్ చివరి ఎపిసోడ్‌ను ఖరారు చేసే ముందు, పేరున్న పాత్రలన్నింటి క్యాలెండర్లనూ బల్ల మీద పరిచి చివరి గళ్లు చూడాలి: ఎక్కడ ఉన్నారు, ఏ సంవత్సరంలో, ఎవరికి తెలుసు, ఎవరు వెతకాలి. ఈ పనిని కథ రాసినవారికి కాకుండా, కథ పట్ల మమకారం లేని అసిస్టెంట్ డైరెక్టర్‌కు అప్పగిస్తే ఖాళీ గళ్లు త్వరగా దొరుకుతాయి.