ఐపీ పెట్టాలా, వాయిదాలు కట్టాలా? ఏదైనా సరే, ఫ్లైట్ ఎక్కే ముందు ఆ చెక్కులు వెనక్కి తెచ్చుకోండి

పోయిన నెల మా ఊళ్ళో ఒక పెళ్ళి. పెళ్ళికూతురి అన్న జర్మనీ నుంచి వచ్చాడు, నాలుగేళ్ళ తర్వాత. పెళ్ళికూతుర్ని చేసే రోజు పొద్దున్నే స్టేషన్ నుంచి కానిస్టేబుల్ వచ్చి, "బాబూ, నీ పేరు మీద ఎన్‌బీడబ్ల్యూ ఉంది, ఒకసారి రావాలి" అన్నాడు. ఇంటినిండా చుట్టాలు. నాన్‌బెయిలబుల్ వారంట్ అనగానే ఏ హత్య కేసో అనుకున్నారు సగం మంది. తీరా చూస్తే చెక్ బౌన్స్. అదీ ఎప్పుడో తీర్చేసిన అప్పుకి సంబంధించింది.

జరిగింది ఇది. కరోనాలో సెల్‌ఫోన్ షాపు మూతపడింది, అప్పులు మిగిలాయి, వాటితోనే జర్మనీ వెళ్ళాడు. వెళ్ళే ముందు తెలిసినాయన దగ్గర రెండు లక్షలు చేబదులు తీసుకుని, నమ్మకం కోసం సంతకం పెట్టిన ఖాళీ చెక్కు ఒకటి ఇచ్చాడు. అక్కడ ఉద్యోగం దొరికాక వాళ్ళ నాన్న చేత పైసా మిగల్చకుండా కట్టించాడు. పెద్దాయన రసీదు అడగలేదు, చెక్కూ అడగలేదు, "తెలిసినాయనే కదరా" అన్నాడట. తర్వాత ఏదో మాటపట్టింపు వచ్చి అవతలాయన ఆ చెక్కు మీద మూడున్నర లక్షలు రాసుకుని బ్యాంకులో వేశాడు. అప్పు తీరింది, చెక్కు మాత్రం బతికే ఉంది. లాయర్ నోటీసు, కోర్టు సమన్లు అన్నీ వచ్చాయి. టీవీ స్టాండ్ కింద అరలో, కరెంటు బిల్లుల మధ్యలో మూడు కవర్లు, ఒక్కటీ విప్పలేదు. వాడొచ్చాక చూసుకుంటాడులే అని పెట్టాడట. వారంట్ రీకాల్ చేయించుకుని, జామీనుదారులను వెతుక్కుని, దేశం దాటడానికి కోర్టు అనుమతి కోసం తిరిగేసరికి అతని సెలవు అయిపోయింది. ఉద్యోగం సంగతి ఇంకా తేలలేదు.

నేను పదకొండేళ్ళు ఒక చిట్‌ఫండ్ కంపెనీ కలెక్షన్ సెక్షన్‌లో పని చేశాను. అంటే టేబుల్‌కి అవతలి వైపు మనిషిని. మా బీరువాలో ఒక్కో సభ్యుడికి ఒక్కో కవరు, అందులో సంతకం తప్ప ఏమీ లేని రెండు చెక్కులు, మూల మీద పెన్సిల్‌తో గ్రూపు నంబరు. వాటిని అడిగి తీసుకెళ్ళినవాళ్ళు పదిమందిలో ఇద్దరు కూడా ఉండరు. జులై, ఆగస్టుల్లో ఫ్లైట్లు ఎక్కేవాళ్ళు ఎక్కువ కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

ఐపీ పెడితే ఏమవుతుంది

మన దగ్గర దివాలా తీసినవాణ్ణి ఐపీ పెట్టాడంటాం. ఇన్సాల్వెన్సీ పిటిషన్ అన్నమాట. దాన్ని అప్పులు ఎగ్గొట్టడానికి ఇచ్చే లైసెన్సులా చూస్తారు జనం. 2016లో కొత్త దివాలా చట్టం వచ్చింది గానీ అందులో మామూలు మనుషుల కోసం పెట్టిన భాగం అమల్లోకి రాలేదు, 2019 డిసెంబరు 1 నుంచి కంపెనీల అప్పులకు సొంత హామీ ఇచ్చినవాళ్ళకు మాత్రమే వర్తిస్తోంది. మన దగ్గర మిగతావాళ్ళకు దిక్కు 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ యాక్టే. ఐదు వందల రూపాయల అప్పుంటే చాలు పిటిషన్ వేయొచ్చని అందులో ఇప్పటికీ ఉంది, అంత పాతది.

కోర్టు మిమ్మల్ని దివాలాదారుగా ప్రకటించాక ఆస్తి మీ చేతిలో ఉండదు, కోర్టుకో, ఆస్తి చూసుకోమని కోర్టు పెట్టే రిసీవర్‌కో పోతుంది. పిటిషన్ వేయడానికి ముందు రెండేళ్ళలో ప్లాటు భార్య పేరు మీదకో బావమరిది పేరు మీదకో ఊరికే రాసేసి ఉంటే అది రద్దయ్యే అవకాశం ఉంది. పిటిషన్‌కి ముందు మూడు నెలల్లో కావాలని ఒక్కరికే కట్టి మిగతావాళ్ళకు ఎగ్గొట్టినా అంతే. మీకు డిశ్చార్జ్, అంటే ఆ అప్పుల నుంచి విడుదల, వచ్చినా మీకు ష్యూరిటీ ఉన్నవాళ్ళకి రాదు. ఆ మాట చట్టంలోనే ఉంది.

అన్నిటికంటే ముఖ్యం, అప్పులవాళ్ళకు అందకూడదని దేశం దాటడమే ఆ చట్టం దృష్టిలో ఒక దివాలా చర్య. దివాలాదారుగా ప్రకటించాక కోర్టు పరిధి దాటి పారిపోయారని నమ్మితే వారంట్ ఇవ్వొచ్చు. పిలిచినప్పుడల్లా లెక్కలు పట్టుకుని కోర్టుకు రావాల్సిన మనిషి టొరంటోలో కూర్చుంటే పిటిషన్ ఎలా నడుస్తుంది?

అందుకే నా లెక్క ఇది: ఇక్కడే ఉండేవాడు, భూమీ ఇల్లూ లేనివాడు, ష్యూరిటీలు లేనివాడు, ఇక సంపాదన పెరిగే దారి కూడా లేనివాడు ఐపీ గురించి లాయర్‌తో మాట్లాడొచ్చు. బయటికి వెళ్ళి సంపాదించబోతున్నవాడికి అది పనికిరాదు. పైగా ఐపీ వేసినంత మాత్రాన చెక్ బౌన్స్ కేసు ఆగదు. అది క్రిమినల్ కేసు. మళ్ళీ చెక్కు దగ్గరికే వచ్చాం చూశారా.

వాయిదాల ఒప్పందం

ఇది మీరు ఊళ్ళో ఉండగానే తేల్చుకోవాలి. ఎదురుగా కూర్చున్న మనిషితో మాట్లాడే మేనేజరు, విదేశీ నంబరు నుంచి ఫోన్ వస్తే వేరేలా మాట్లాడతాడు, నేనూ అలాగే మాట్లాడేవాణ్ణి. అక్కడికి వెళ్ళిన మొదటి మూడు నెలలు చేతికి జీతం రాదనుకుని లెక్క వేయండి. వాయిదా నాలుగో నెల నుంచి మొదలయ్యేలా రాయించుకోండి, కుదరకపోతే ఆ మూడు వాయిదాల డబ్బు ఇక్కడే వదిలి వెళ్ళండి.

ఏది ముందు కట్టాలి? వడ్డీ లెక్కన క్రెడిట్ కార్డు ముందు, నెలకు మూడున్నర శాతం, కొన్ని అంతకంటే ఎక్కువే లాగుతాయి. కానీ కార్డు కట్టకపోతే ముందుగా దెబ్బ తినేది మీ సిబిల్, అంటే అప్పులు కట్టే తీరుకి ఇచ్చే స్కోరు. చిట్టీ కట్టకపోతే వేరేవాడి మెడ తెగుతుంది. బావమరిది పాడుకున్న చిట్టీకి ష్యూరిటీ పెట్టిన ఒక టీచరుగారు మా ఆఫీసుకొచ్చి, బావమరిది కువైట్ వెళ్ళిపోయాక, జీతం స్లిప్పు నా టేబుల్ మీద పెట్టి ఏమీ మాట్లాడకుండా కూర్చున్నారు. జీతం జప్తు అంటే మొదటి వెయ్యి రూపాయలు, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులు వదిలి తక్కినది పట్టుకుంటారు. ఆయన పిల్లలు ఇంటర్‌లో ఉన్నారు. కాబట్టి నా వరుస ఇది: ముందు ష్యూరిటీ ఉన్నవి, తర్వాత చెక్కు ఇచ్చినవి, ఆ తర్వాత బ్యాంకు లోను, చివర కార్డు. ఎడ్యుకేషన్ లోన్‌లో నాన్న కూడా అప్పుదారే అని మర్చిపోకండి.

వన్ టైమ్ సెటిల్‌మెంట్ అని ఊరిస్తారు. సగానికే వదిలేస్తాం అంటే నిజంగానే వదిలేస్తారు, కాకపోతే సిబిల్‌లో "సెటిల్డ్" అని పడుతుంది, "క్లోజ్డ్" అని కాదు, అది ఏళ్ళ తరబడి ఉంటుంది. తిరిగొచ్చి ఇక్కడ ఇల్లు కొనే ఆలోచన ఉంటే పూర్తిగా కట్టడమే మేలు.

ఇక చెక్కు

అకౌంట్ మూసేస్తే చెక్కు చచ్చిపోతుందనుకుంటారు. చావదు. "అకౌంట్ క్లోజ్డ్" అని తిరిగొచ్చినా కేసే, స్టాప్ పేమెంట్ పెట్టినా కేసు పెట్టొచ్చు, సుప్రీంకోర్టు రెండూ ఎప్పుడో తేల్చేసింది. చెక్కుకి మూడు నెలలే గడువు కదా అంటారు. గడువు దాని మీద రాసిన తేదీ నుంచి. ఖాళీ చెక్కు మీద తేదీ వాళ్ళే వేసుకుంటారు. సంతకం నాదే కానీ అంకె నేను రాయలేదంటే చాలదు, సంతకం మీదైతే అది అప్పుకే ఇచ్చారని కోర్టు ముందుగా అనుకుంటుంది, కాదని మీరు చూపించుకోవాలని 2019లో సుప్రీంకోర్టు మళ్ళీ చెప్పింది. మీరు జర్మనీలో కూర్చుని ఎలా చూపిస్తారు?

చెక్కు తిరిగొచ్చిన సమాచారం అందిన 30 రోజుల్లో నోటీసు పంపుతారు. అది అందిన 15 రోజుల్లో కట్టకపోతే ఆ తర్వాత నెలలోపు కేసు. శిక్ష రెండేళ్ళ వరకు జైలు, లేదా చెక్కు మొత్తానికి రెట్టింపు వరకు జరిమానా, లేదా రెండూ. నోటీసు తీసుకోకపోతే కేసు ఉండదనేది పచ్చి అబద్ధం, సరైన అడ్రసుకు రిజిస్టర్డ్ పోస్టులో (2025లో అది స్పీడ్ పోస్టులో కలిసిపోయింది) పంపితే అందినట్టే లెక్క. క్రిమినల్ కేసు పెండింగ్ ఉంటే పాస్‌పోర్ట్ రెన్యువల్ ఆపే అధికారం పాస్‌పోర్ట్ చట్టంలో ఉంది, కోర్టు అనుమతి తెచ్చుకుంటేనే కదులుతుంది. పీఆర్ (అక్కడే స్థిరపడే అనుమతి) కోసం పోలీస్ క్లియరెన్స్ అడిగినప్పుడు కూడా ఇదే బయటపడుతుంది.

కాబట్టి కట్టినరోజే చెక్కు వెనక్కి. కట్టడం పూర్తి కాకపోతే ఎన్ని చెక్కులు, ఏ నంబర్లు, దేనికి ఇచ్చారో ఒప్పందంలో రాయించండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

— పాత చెక్‌బుక్కుల కౌంటర్‌ఫాయిళ్ళు బయటికి తీసి కూర్చోండి. ఏ నంబరు ఎవరికిచ్చారో కాగితం మీద రాయండి. లెక్క తేలని చెక్కు ఒక్కటున్నా అది ఎక్కడుందో తెలిసేదాకా టికెట్ బుక్ చేయొద్దు.

— మీ చెక్కు పోయింది, దొరకట్లేదు అని అప్పిచ్చినాయన అంటే ఆ నంబరు చెల్లదని, అప్పు పూర్తిగా ముట్టిందని స్టాంపు పేపరు మీద సంతకంతో రాయించుకోండి. ఫోన్‌లో చెప్పింది లెక్కలోకి రాదు.

— ప్రామిసరీ నోటుకి మూడేళ్ళే, ఆ తర్వాత ఏం చేయలేరు అని ధైర్యం చెప్పేవాళ్ళ మాట వినకండి. మీరు దేశంలో లేని కాలాన్ని ఆ మూడేళ్ళలోంచి తీసేయమని లిమిటేషన్ చట్టంలో ఉంది. ఏజెంటుకి కట్టడానికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి గల్ఫ్ వెళ్ళినవాళ్ళు ఇక్కడే దెబ్బ తింటారు.

— దేశం విడిచిపోతున్నాడని చూపిస్తే తీర్పు రాకముందే మిమ్మల్ని కోర్టుకి రప్పించి సెక్యూరిటీ అడగొచ్చు, సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 38వ ఆర్డర్ అదే. అప్పున్న ఊళ్ళో వీడ్కోలు ఫ్లెక్సీలు కట్టించుకోకండి బాబూ.

— రికవరీ ఏజెంటు సొంత ఫోన్‌పేకి రూపాయి కూడా వేయొద్దు.

— ఎన్‌ఆర్‌ఐ అయ్యాక సేవింగ్స్ అకౌంట్‌ని ఎన్‌ఆర్‌ఓ (ఎన్‌ఆర్‌ఐలకుండే రూపాయల అకౌంట్) కిందకి మార్చాలి. మార్చాక ఆటో డెబిట్ నడుస్తోందో లేదో మొదటి నెలే చూడండి, అది తిరిగొచ్చినా చెక్కు తిరిగొచ్చినట్టే కేసు పెట్టొచ్చు.

— ఇక్కడ మీ తరఫున మాట్లాడేవాళ్ళకి పవర్ ఆఫ్ అటార్నీ వెళ్ళే ముందే ఇవ్వండి. అక్కడినుంచి పంపాలంటే కాన్సులేట్ అటెస్టేషన్, ఇక్కడికొచ్చాక మూడు నెలల్లో స్టాంపు, అదో తిరుగుడు.

— బాకీ లేదని ఇచ్చే నో డ్యూ సర్టిఫికెట్ ఒరిజినల్ ఇంట్లో, ఫోటో మీ ఫోన్‌లో.

— దుబాయ్‌లో లోను వదిలేసి వచ్చి ఇక్కడినుంచి కెనడా వెళ్దామనుకునేవాళ్ళకి ఒక్క మాట: 2020 జనవరి నుంచి అక్కడి కోర్టు డిక్రీలను మన జిల్లా కోర్టుల్లో అమలు చేయించుకోవచ్చు.

— ఖాళీ చెక్కు ఇచ్చి కొత్త అప్పు తేవొద్దు. వెళ్ళే వారంలో అసలే వద్దు.

— చెక్కు. వెనక్కి. తెచ్చుకోండి.

— ఇంటికి వచ్చే ప్రతి రిజిస్టర్డ్, స్పీడ్ పోస్టు కవరూ అదేరోజు విప్పి ఫోటో వాట్సాప్ చేయమని అమ్మానాన్నలకి చెప్పండి, పదిహేను రోజుల్లో ఏదైనా చేయొచ్చు, ఆ తర్వాత లాయర్లకే.

— ఇప్పటికే వెళ్ళిపోయినవాళ్ళు ఈ-కోర్ట్స్ యాప్‌లో మీ జిల్లా పెట్టి మీ పేరుతో ఏడాదివారీగా వెతకండి. చెన్నై, ముంబయి కూడా చూడండి, ఫైనాన్స్ కంపెనీలు తమ బ్యాంకు బ్రాంచి ఉన్న ఊళ్ళో కేసు వేస్తాయి. ఆ తర్వాత ఇంటికి ఫోన్ చేసి టీవీ స్టాండ్ కింద అర ఒకసారి చూడమనండి.