రాజు బొమ్మ చదవడం, 3వ పాఠం: ముఖం మూసి చూడండి

పోయిన పాఠంలో చెప్పిన పని చేశారా? నెల్లూరు వీఆర్‌సీ సెంటర్‌లో ఏదో ఒక ఫ్లెక్సీని ఫోన్‌లో ఫొటో తీసుకోమన్నాను. ఇప్పుడు నాయకుడి ముఖాన్ని బొటనవేలితో మూసేయండి. అయినా పెద్దమనిషని తెలుస్తూనే ఉంటుంది. ఇలాంటి బొమ్మ రెండు మాటలు చెబుతుంది: నాకు బలముంది, ఈ చోటుకి నాకు హక్కుంది. తెల్ల చొక్కా, వెనక గర్జించే సింహం. అది బలం. పైన గుండ్రాల్లో వరసగా పెద్ద నాయకుల బొమ్మలున్నాయే, అవి హక్కు. ‘నన్ను నిలబెట్టింది వీళ్లు’ అని చెప్పడం.

అదే వేలితో ఇంకో బొమ్మ. ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీని రిగో అనే చిత్రకారుడు 1701లో వేశాడు. ఎత్తు తొమ్మిది అడుగుల పైమాటే. నెట్‌లో వెతికితే దొరుకుతుంది. ముఖం మూసి, ముందు కాళ్లు చూడండి. 63 ఏళ్ల మనిషికి నాట్యగాడి పిక్కలు, ఎర్ర మడమల జోళ్లు! రాజదండాన్ని తలకిందులుగా పట్టుకుని చేతికర్రలా ఆనించాడు. అంత ధీమా. ఇదంతా బలం ఖాతా.

ఇక నడుము దగ్గరికి రండి. అక్కడ వేలాడే కత్తి, లూయీకి తొమ్మిది వందల ఏళ్ల ముందటి షార్లమేన్ చక్రవర్తిదని వాళ్లు చెప్పుకునే పట్టాభిషేకపు కత్తి. అంటే మన ఫ్లెక్సీలో గుండ్రం బొమ్మే! బంగారు లిల్లీ పూల నీలి వస్త్రమూ అంతే. పట్టాభిషేకం 1654లో అయిపోయింది, 47 ఏళ్ల తర్వాత కూడా అదే వేషం.

మన వైపు చూస్తే, 1514లో గజపతుల నుంచి ఉదయగిరి కోట గెలిచిన కృష్ణదేవరాయలు తిరుమలలో లోహ విగ్రహంగా ఉన్నాడు. చిత్రం కాదు కదా అంటారేమో, పాఠానికి పనికొస్తుంది. తలమీద పొడవాటి కుళ్లాయి, అటూ ఇటూ రాణులు, జోడించిన చేతులు. కత్తి పట్టలేదు. దేవుడి ముందు నిలబడ్డాడు కాబట్టి హక్కు ఎక్కడిదో వేరే చెప్పక్కర్లేదు. నన్నడిగితే లూయీ కంటే రాయలే గడుసు. క్యూలో తోపులాట టెన్షన్‌లో చాలామంది చూడకుండానే వెళ్లిపోతారు.

వచ్చే పాఠానికి మీ ఇంట్లో పాత స్టూడియో ఫొటో ఒకటి వెతికి పెట్టుకోండి. నోటుబుక్కులో నిలువుగీత గీసి ఎడమన బలం, కుడిన హక్కు రాయండి. తాతయ్య చేతిగడియారం కనపడేలా చెయ్యి పెట్టుకుని ఉంటే, అది ఏ వైపు రాయాలో తేల్చుకుని రండి.